తనిఖీ ఫలితాలు అడిగితే "దేశ భద్రత" అని జవాబొచ్చింది. ఇది సబబేనా?

చిన్నక్షరాలు
రెండు నెలల కిందట ఒక పాలపొడి ఫ్యాక్టరీ తనిఖీల వివరాలు కావాలని సంబంధిత కార్యాలయానికి అర్జీ పెట్టాను. మూడేళ్లలో ఎన్నిసార్లు వెళ్లారు, ఎన్ని నమూనాలు తీశారు, అందులో ఎన్ని తప్పాయి. నేను అడిగింది ఇంతే. నిన్న జవాబొచ్చింది, ఒకే వాక్యం. దేశ భద్రతకు సంబంధించిన అంశం కాబట్టి వెల్లడించడం కుదరదట.
ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. కాపలావాళ్లు ఎంతమంది, గోదాము తాళాలు ఎవరి దగ్గరుంటాయి అని నేను అడగలేదు. మా బాబు తాగే పాలు పరీక్షలో నిలబడ్డాయా లేదా అని అడిగాను. తిండి తనిఖీలని దేశ భద్రత కింద చూడటం వల్ల మనకి మేలా, కీడా? తెలిసినవాళ్లు చెప్పండి.

కోటగోడ
మీ బాధ అర్థమైంది కానీ రెండింటికీ సంబంధమే లేదనుకుంటే పొరపాటండీ. 1984లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ది డాలస్ అనే చిన్న ఊళ్లో ఏం జరిగిందో చూడండి. రజనీష్ ఆశ్రమంలోని కొందరు పది హోటళ్లలో సలాడ్ గిన్నెల్లో సాల్మొనెల్లా అనే విరేచనాల సూక్ష్మజీవిని కలిపారు. 751 మంది మంచాన పడ్డారు. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. ఎందుకు కలిపారంటే నవంబరులో జరిగే కౌంటీ ఎన్నికల్లో ఊరివాళ్లు ఓటుకి రాకుండా చెయ్యడానికి. తిండిని ఆయుధం చెయ్యడం కట్టుకథ కాదు. 2001 దాడుల తర్వాత అమెరికా 2002లో జీవ ఉగ్రవాద నిరోధక చట్టం తెచ్చి ఆహార కంపెనీలన్నీ నమోదు కావాలంది. బయటి నుంచి సరుకొస్తుంటే ముందే కబురు చెప్పాలంది. ఆ చట్టం వెనకున్న భయం ఉత్తుత్తి భయం కాదు.

వేపనీడ
ఆ 751 మంది సంగతి ముందు ఎవరు పసిగట్టారు? పోలీసులా, ఆరోగ్య శాఖా?

కోటగోడ
ఆరోగ్య శాఖే. కానీ వాళ్లు హోటల్ పనివాళ్ల చేతుల శుభ్రత మీదకి తోసేశారు. ఏడాది తర్వాత దర్యాప్తు సంస్థలు ఆశ్రమం ప్రయోగశాలలోకి వెళ్తే సరిగ్గా అదే రకం సాల్మొనెల్లా దొరికింది. పోలీసు కన్ను లేకపోతే అది మామూలు విరేచనాల కేసుగానే మిగిలిపోయేది. నేననేది అదే.

త్రాసుముల్లు
ఆహార పరీక్షల ల్యాబ్‌లో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నా. కాస్త పొడుగ్గా రాస్తాను.
కోటగోడ గారు చెప్పిన కేసులో రెండో సగం ఉంది. ఆశ్రమంలో దొరికింది "అదే రకం" అని ఎలా తెలిసింది? ఆరోగ్య శాఖవాళ్లు రోగుల నుంచి తీసిన సూక్ష్మజీవుల్ని పారెయ్యకుండా, పేరు రాసి, భద్రంగా దాచిపెట్టారు కాబట్టి. ఏడాది తర్వాత పక్కపక్కన పెట్టి పోల్చారు. అది మామూలు రోజుల్లో చేసే మామూలు పని. ఆ పని జరగకపోతే పోలీసులకి ఒక సీసా దొరికేది తప్ప సాక్ష్యం దొరికేది కాదు.
మా బల్ల మీదకి ఏ నమూనా వచ్చినా అది తెలియక కలిసిందా, లాభం కోసం కలిపారా, పగతో కలిపారా అన్నది మాకు తెలీదు. సీసా మీద కంపెనీ పేరుండదు, ఒక నెంబరుంటుంది. లక్క ముద్ర పగిలిందా లేదా చూస్తాం, దారం తెగిందా చూస్తాం, నమోదు పుస్తకంలో రాస్తాం, తర్వాతే మూత తీస్తాం. ముద్ర మీద వెంట్రుకంత చీలిక ఉన్నా వెనక్కి పంపేస్తాం. శత్రువు కలిపినా పనివాడు పొరబాటున కలిపినా దారి ఇదే. రెండో దారి లేదు.
అందుకని దేశ భద్రత పేరుతో మాకు ఇంకో యంత్రం, ఇంకో నలుగురు మనుషుల్ని ఇస్తే దండం పెట్టి తీసుకుంటాం. ఫలితాలు బయట పెట్టొద్దంటే మాత్రం ఒప్పుకోలేను.

కందిరీగ
త్రాసుముల్లు అన్నా, ఒరెగాన్ కేసు మీద శాస్త్రీయ వ్యాసం కూడా చాలా ఆలస్యంగా వచ్చిందని ఎక్కడో చదివా. నిజమేనా?

త్రాసుముల్లు
నిజమే. 1984లో జరిగితే అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది 1997లో. అది చూసి ఇంకెవరైనా అదే పని చేస్తారేమోనని ఆపారు.

కోటగోడ
సరిగ్గా చేశారు. ఇలా కలపొచ్చు అని ఊరంతా దండోరా వేస్తే ఎలా?

లలిత_ఎం
ఆ పదమూడేళ్లూ మిగతా ఊళ్లలో డాక్టర్లకి ఇలాంటిది కూడా జరగొచ్చన్న ఆలోచనే వచ్చుండదు కదండీ. నేను నర్సుని. చూడాలని తెలియనిదాన్ని ఎవరం చూడం.

చిన్నక్షరాలు
లలిత గారూ, నేనూ అదే రాయబోతున్నా.

మూడోపూట
సైన్యంలో వంటశాల సరఫరా విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. తిండికీ దేశ రక్షణకీ సంబంధం నిన్న మొన్నటిది కాదు. సైన్యం కడుపు మీద నడుస్తుందని మా పెద్దలు ఊరికే అనలేదు. ఆహారాన్ని పాడవకుండా దాచే ఉపాయం చెబితే బహుమతి ఇస్తామని ఫ్రాన్స్ ప్రభుత్వం ప్రకటించింది యుద్ధాల కాలంలోనే. నికొలా ఆపేర్ గాజు సీసాల్లో మూతపెట్టి మరిగించే పద్ధతి కనిపెట్టి 1810లో 12,000 ఫ్రాంకులు తీసుకున్నాడు. నేటి డబ్బా ఆహారమంతా అక్కడ మొదలైందే.
1898లో స్పెయిన్‌తో యుద్ధానికి వెళ్లిన అమెరికా సైనికుల్లో తూటాలకి పోయినవాళ్ల కంటే రోగాలకి పోయినవాళ్లు ఎక్కువ. అందులో టైఫాయిడ్‌దే పెద్ద వాటా. అదే సమయంలో వాళ్లకి పంపిన డబ్బా మాంసం మీద పెద్ద గోల జరిగింది. సేనాధిపతి నెల్సన్ మైల్స్ బహిరంగంగా ఆరోపించాడు, విచారణ జరిగింది. 1906లో శుద్ధ ఆహార, ఔషధ చట్టం రావడానికి ప్రజల్లో కోపం అప్పటి నుంచే రాజుకుంటూ వచ్చింది. గమనించండి, ఆ సేనాధిపతి దేశ భద్రత అని నోరు మూసుకోలేదు, దేశ భద్రత కోసమే నోరు తెరిచాడు.
మా దగ్గర ఒక అలవాటుండేది. వండిన ప్రతి పూటా, వడ్డించకముందే, ప్రతి వంటకంలోంచీ ఒక గరిటెడు చిన్న స్టీలు గిన్నెల్లోకి తీసి, మూత పెట్టి, పైన కాగితం అంటించి తేదీ, పూట, వండినవాడి పేరు రాసి మర్నాడు అదే వేళ వరకూ చల్లటి చోట ఉంచేవాళ్లం. పన్నెండేళ్లలో ఆ గిన్నెలు రెండేసార్లు అక్కరకొచ్చాయి. ఆ రెండుసార్లూ గంటల్లో తేలిపోయింది ఏ వంటకం దోషమో. మిగతా వేల గిన్నెలు కడిగి బోర్లించాం. అది దండగ పనని ఎవరూ అనలేదు.

వేపనీడ
మూడోపూట గారూ, గిన్నెల సంగతి చాలా బాగుంది. మా హాస్టల్‌లో ఇది ఉండుంటే సగం గొడవలు తగ్గేవి. మా వాళ్లు గిన్నెలో దాచమంటే రాత్రికి తినేసేవాళ్లేమో, అది వేరే సంగతి.

త్రాసుముల్లు
మూడోపూట గారి మాటకి ఇంకోటి కలుపుతా. ఇవాళ ప్రపంచమంతా ఆహార ఫ్యాక్టరీల్లో నడిచే పద్ధతి, మేం హ్యాసప్ అంటాం, అంతరిక్షం నుంచి వచ్చింది. 1960ల్లో వ్యోమగాములకి తిండి తయారుచేసే పని పిల్స్‌బరీ కంపెనీకి వచ్చింది. నాసా, అమెరికా సైన్యం నాటిక్ ల్యాబ్ కలిసి పనిచేశాయి. చేసిన తిండి సురక్షితమా అని తేల్చాలంటే దాన్ని పరీక్షకి వాడెయ్యాలి. నమ్మకం కుదిరేదాకా పరీక్షిస్తే వ్యోమగామికి మిగిలేది కొంచెమే. అందుకని చివర్లో వెతకడం మానేసి, ఎక్కడెక్కడ తప్పు జరగొచ్చో ముందే గుర్తించి ఆ చోట్లే కాపు కాయడం మొదలెట్టారు. సైనిక అవసరం లోంచి పుట్టిందే, కానీ రహస్యంగా దాచలేదు. 1971లో నలుగురి ముందూ పెట్టారు. అందుకే అది మీ బాబు పాలపొడి దాకా వచ్చింది.

కోటగోడ
సరే, రహస్యం అసలే వద్దంటారా? 2016లో అమెరికా కావాలని కలిపే కల్తీ మీద ప్రత్యేక నియమం తెచ్చింది. పెద్ద ఫ్యాక్టరీలు తమ దగ్గర ఎక్కడ సులువుగా చెయ్యి పెట్టొచ్చో లెక్కేసి కాపలా ప్రణాళిక రాసుకోవాలి. ఆ ప్రణాళికల్ని అంతర్జాలంలో పెట్టమంటారా?

త్రాసుముల్లు
ముమ్మాటికీ వద్దు. అది తాళంచెవి. చిన్నక్షరాలు గారు అడిగింది తాళంచెవి కాదు కదా, మార్కుల జాబితా.

కందిరీగ
ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గియ్యాలో 2005లో ఒక పెద్ద పరీక్షే జరిగింది. స్టాన్‌ఫర్డ్‌లో లారెన్స్ వైన్, యీఫాన్ లియూ అని ఇద్దరు, పాల సరఫరాలో విషం కలిస్తే ఏమవుతుందో గణితంతో లెక్కగట్టి వ్యాసం రాశారు. అచ్చు వెయ్యొద్దని అమెరికా ఆరోగ్య శాఖ కోరింది. జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికవాళ్లు కొన్ని వారాలు ఆపి, అధికారులతో కూర్చుని, చివరికి వేసేశారు. అందులోని సంగతులు అప్పటికే బహిరంగంగా ఉన్నాయి, బయట పెడితేనే రక్షణ మెరుగవుతుంది అన్నది వాళ్ల వాదన. నాకు నచ్చింది ఏంటంటే వెయ్యొద్దన్నవాళ్లని కూడా కూర్చోబెట్టి మాట్లాడారు. ఒక్క వాక్యంతో తలుపు వెయ్యలేదు.

చిన్నక్షరాలు
అదే నా గోడు. ఏ నిబంధన కింద ఇవ్వనంటున్నారో కూడా రాయలేదు నాకు.

రేవుకాపరి
దిగుమతి సరుకు విడిపించే పని నాది. ఇంకో వైపు చెబుతాను. సరిహద్దుల్లో "ఆహార సురక్షితం" అంటే రుజువు చూపించాలి, "దేశ భద్రత" అంటే చూపించక్కర్లేదు. అందుకే రెండో మాట అంటే కొందరికి అంత ప్రేమ.
ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టినప్పుడే, అంటే 1995 నుంచి, ఆహారం మీద ఏ దేశం ఆంక్ష పెట్టినా దానికి శాస్త్రీయ ఆధారం ఉండాలని ఒప్పందం ఉంది. హార్మోన్లు ఎక్కించిన పశుమాంసం వద్దని యూరప్ నిషేధిస్తే, ముప్పు అంచనా సరిగ్గా వెయ్యలేదని 1998లో తీర్పు వ్యతిరేకంగా వచ్చింది. యూరప్ అంతటిది కూడా లెక్క చెప్పాల్సొచ్చింది. అదే సంస్థ కిందున్న గ్యాట్ అనే వాణిజ్య ఒప్పందంలో 21వ అధికరణ తియ్యండి. తన భద్రతకి అత్యవసరమని ఒక దేశం తనంతట తాను భావిస్తే చర్య తీసుకోవచ్చంటుంది. ఇది చెప్పి ఏదైనా చేసెయ్యొచ్చా అన్న ప్రశ్న మీద 2019లోగానీ తీర్పు రాలేదు. రష్యా, ఉక్రెయిన్ రవాణా వివాదంలో, కాదు, మేమూ పరిశీలించొచ్చు అని ఆ సంస్థ నిపుణుల బృందం అంది.
నా సొంత అనుభవం ఒకటి. చల్లటి కంటెయినరు ఒకటి భద్రతా కారణాలతో ఆపారు. ఏ కారణమో చెప్పలేదు. పదకొండు రోజులు. మధ్యలో కరెంటు తీగ ఎవరో పీకేశారు, మళ్లీ పెట్టారు. విడుదలయ్యాక తలుపు తీస్తే వాసనకి ఇద్దరు హమాలీలు వెనక్కి దూకారు. లోపలి ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పెట్టె చూస్తే ఆరో రోజు రాత్రి గీత నిట్టనిలువుగా లేచింది. నమూనా తీసి పరీక్షకి పంపి ఉంటే మూడో రోజే తేలిపోయేది. మంచి సరుకుని భద్రత పేరుతో పాడుచేసి, తర్వాత పాడైన సరుకని రాశారు.

లలిత_ఎం
అయ్యో. ఎవరూ జవాబు చెప్పలేదా?

రేవుకాపరి
ఎవర్ని అడగాలో కూడా తెలీదండీ. భద్రత అన్న మాటకి చిరునామా ఉండదు.

కోటగోడ
ఒక్క తప్పు చూపించి వ్యవస్థే వద్దనడం సరికాదు రేవుకాపరి గారూ. 1989లో చిలీ ద్రాక్ష మీద సయనైడ్ బెదిరింపు ఫోన్ వచ్చింది. ఫిలడెల్ఫియాలో వెతికితే రెండే రెండు పళ్లలో ఆనవాళ్లు దొరికాయి. దేశమంతా చిలీ పళ్లు ఆపేశారు. ఆపకుండా ఎవరైనా చనిపోయి ఉంటే ఇవాళ మీరే తిట్టేవాళ్లు.

రేవుకాపరి
ఆపడం తప్పనను. కానీ ఆ దెబ్బకి చిలీకి 30 కోట్ల డాలర్ల పైనే నష్టం, వేలమంది తోట కూలీలకి పని పోయింది. ఆ రెండు పళ్లు తప్ప ఇంకోటి దొరకలేదు. అధికారం వాడినప్పుడు లెక్క కూడా చెప్పాలి అంటున్నా, అంతకంటే ఏమీ లేదు.

వేపనీడ
2011 జర్మనీ దోసకాయల గొడవ కూడా ఇలాంటిదేగా?

త్రాసుముల్లు
కొంచెం తేడా. అక్కడ దాచడం కాదు, తొందరపాటు. ఈ.కోలై అనే సూక్ష్మజీవిలో ఒక భయంకరమైన రకం, 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా పోయారు. హ్యాంబర్గ్ అధికారులు స్పెయిన్ దోసకాయల్లో ఉందన్నారు. దోసకాయల్లో ఈ.కోలై ఉంది కానీ అది వేరే రకం. ఈలోగా స్పెయిన్ రైతులు పంట ట్రాక్టర్లతో తొక్కించారు, రష్యా యూరప్ కూరగాయలన్నీ ఆపేసింది.
అసలు దోషి ఎలా దొరికిందో వినండి. రోగుల్ని ఏం తిన్నారని అడిగితే మొలకలు అని కొద్దిమందే చెప్పారు. పైన అలంకరణకి చల్లిన నాలుగు మొలకలు ఎవరికి గుర్తుంటాయి? అప్పుడు ఒక హోటల్‌కి గుంపుగా వెళ్లినవాళ్లని పట్టుకుని, వాళ్లు ఏ వంటకం ఆర్డరిచ్చారో బిల్లుల్లో చూసి, ఆ వంటకంలో ఏమేం వేశారో వంటవాళ్లని అడిగారు. మొలకలు తిన్న గుంపులే జబ్బుపడ్డాయి. అక్కణ్ణుంచి తోటకి, తోట నుంచి విత్తనాల సంచికి వెళ్తే చివరికి ఈజిప్ట్ మెంతుల దగ్గర తేలింది. సరుకు ఎవరి దగ్గర కొన్నావు, ఎవరికి అమ్మావు అని ప్రతివాడూ రాసుకోవాలని యూరప్‌లో 2002 చట్టంలోనే ఉంది. ఆ చిట్టాలే లేకపోతే ఆ మెంతుల దాకా దారే లేదు. దాడి జరిగినా వెతికేది ఇదే దారిలో.

మూడోపూట
బిల్లులు, చిట్టాలు. ఎంత మామూలు వస్తువులో చూడండి.

చిన్నక్షరాలు
నేను పాలపొడి గురించే ఎందుకు అడిగానో చెప్పాలి. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమైన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం కలిసిన సంగతి అప్పట్లో పేపర్లో చదివి ఎప్పటికీ మర్చిపోలేదు. త్రాసుముల్లు గారూ, ఆ మెలమైన్ పరీక్షలో ఎందుకు దొరకలేదు?

త్రాసుముల్లు
పాలలో మాంసకృత్తులు ఎంతున్నాయో కొలవాలంటే చాలాచోట్ల నేరుగా కొలవరు, నత్రజని కొలుస్తారు. జెల్డాల్ పద్ధతి అంటాం. నమూనాని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో గంటలకొద్దీ మరిగిస్తాం, నల్లగా మాడి, మెల్లగా తేటపడి లేత పచ్చటి నీళ్లలా అవుతుంది. తర్వాత అమ్మోనియాగా వచ్చిన నత్రజనిని చుక్కచుక్కగా లెక్కేస్తాం. రంగు మారిన చుక్క దగ్గర ఆగాలి. ఆ చుక్కకి నత్రజని ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. మెలమైన్‌లో మూడింట రెండు వంతులు నత్రజనే. నీళ్లు కలిపిన పాలలో అది వేస్తే మా లెక్కలో చిక్కటి పాలే.
పరీక్ష మోసపోయింది నిజం, కానీ అసలు పాపం అక్కడ లేదు. ఆ పాలపొడి అమ్మిన సన్‌లూ కంపెనీకి 2007 డిసెంబరు నుంచే ఫిర్యాదులు వస్తున్నాయి. పైగా దానికి ప్రభుత్వ తనిఖీ మినహాయింపు ఉంది, నాణ్యమైన కంపెనీ అని. ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్. ఆ కంపెనీలో 43 శాతం వాటా ఉన్న న్యూజీలాండ్ పాల కంపెనీ ఫాంటెర్రాకి ఆగస్టు మొదట్లోనే తెలిసింది, సరుకు బహిరంగంగా వెనక్కి పిలవమంటే స్థానిక అధికారులు కదల్లేదు. న్యూజీలాండ్ ప్రధాని హెలెన్ క్లార్క్ నేరుగా బీజింగ్‌కి కబురు పంపించాక, సెప్టెంబరులో బయటపడింది. దాదాపు 3 లక్షల మంది పసిపిల్లలు, ఆరు మరణాలు. మూత్రపిండాల్లో రాళ్లు, పాలు తాగే పిల్లలకి.

లలిత_ఎం
ఇంకా బాధ కలిగించేది, జబ్బుపడ్డ పిల్లల తల్లిదండ్రుల్ని కూడగట్టిన ఒక తండ్రికి 2010లో రెండున్నరేళ్ల జైలు. సామాజిక శాంతికి భంగం కలిగించాడని. బిడ్డకి రాళ్లు, తండ్రికి జైలు.

కోటగోడ
అది తప్పే. దాన్ని నేను సమర్థించను.

కందిరీగ
దాచిపెడితే ఏమవుతుందో ఇంకా ఘోరమైన కేసు 1971 ఇరాక్. కరువొచ్చింది, బయటి నుంచి విత్తన గోధుమ తెప్పించారు. బూజు పట్టకుండా పాదరసం మందు పట్టించిన గింజలు, నాటడానికే తప్ప తినడానికి కాదు. సంచుల మీద హెచ్చరిక ఉంది, కానీ స్పానిష్‌లో, ఇంగ్లిష్‌లో. పుర్రె బొమ్మ ఆ పల్లెవాళ్లకి ఏ అర్థమూ ఇవ్వలేదు. చాలాచోట్ల విత్తే అదను దాటాక చేరింది. గింజలకి గులాబీ రంగు వేశారు, కడిగితే రంగు పోయింది, విషమూ పోయిందనుకున్నారు. ముందు కోళ్లకి వేసి చూశారట, అవి చావలేదు. రొట్టెలు చేసుకు తిన్నారు. మిథైల్ పాదరసం వారాల తర్వాత గానీ బయటపడదు. ఆసుపత్రుల్లో చేరినవాళ్లు 6,530, అక్కడ పోయినవాళ్లు 459 మంది, ఇది ప్రభుత్వ లెక్క. వార్తలు బయటికి పోకుండా ప్రభుత్వం బిగించేసింది.

మూడోపూట
ముందు కోళ్లకి వేసి చూశారు అన్న మాట దగ్గర ఆగిపోయాను బాబూ. ఆ రైతులు తమకి చేతనైన పరీక్ష చేసుకున్నారు. ఇంతకంటే జాగ్రత్త ఇంకేం పడతారు? చెప్పాల్సినవాళ్లు వాళ్ల భాషలో చెప్పలేదు.

వేపనీడ
భాష అంటే గుర్తొచ్చింది. మన గొడవలో సగం ఈ మాటల్లోనే ఉంది. తిండి దొరకడాన్నీ ఆహార భద్రత అంటాం, తిండిలో విషం లేకపోవడాన్నీ ఆహార భద్రత అంటాం, సరిహద్దు కాయడమూ భద్రతే. ఒక్క మాటకి మూడు కాపురాలు. చిన్నక్షరాలు గారికి జవాబు రాసిన గుమాస్తా నిజంగానే తికమకపడి ఉండొచ్చు.

రేవుకాపరి
తికమక కాదు, ఆ మాట నీడలో దాక్కోవడం.

కోటగోడ
దొరకడం కూడా దేశ భద్రతేనండీ. 1960ల్లో మన దేశం అమెరికా పీఎల్-480 అనే సాయం పథకం కింద పంపిన గోధుమ మీద బతికిన రోజులు గుర్తు చేసుకోండి. 1965 నుంచి అక్కడి అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం నెలనెలా లెక్కచూసుకుంటూ ఓడలు వదిలింది. ఇంకోడి ఓడ కోసం ఎదురుచూసే దేశం నోరు మెదపలేదు. ఆ అవమానం లోంచే పంట పెంచుకోవాలన్న పట్టుదల పెరిగింది.

మూడోపూట
ఇది నేను పూర్తిగా ఒప్పుకుంటా. ఆ గోధుమ రొట్టెలు తిన్న తరం మాది.

లలిత_ఎం
తిండి దొరకాలి, అది విషం కాకూడదు. రెండూ ఒకే శాఖ చేతిలో పెడితే మాత్రం మొదటిదే గెలుస్తుంది. బ్రిటన్‌లో పిచ్చి ఆవుల వ్యాధి అప్పుడు ఇదే జరిగింది. రైతుల మేలు చూసే వ్యవసాయ శాఖే తినేవాళ్ల మేలూ చూడాలి. 1990లో మంత్రి తన కూతురితో కెమెరాల ముందు బర్గర్ తినిపించబోయాడు, ఏం భయం లేదని. 1996 మార్చిలో మనుషులకి సోకి ఉండొచ్చని పార్లమెంటులో ఒప్పుకున్నారు. ఆ తర్వాతే 2000లో వ్యవసాయ శాఖతో సంబంధం లేని ఆహార ప్రమాణాల సంస్థని పెట్టారు.

కందిరీగ
కోటగోడ అన్నా, ఇంకో ప్రశ్న. ఈ కావాలని కలిపే కేసుల్లో విదేశీ శత్రువులు ఎంతమంది? నాకు తెలిసినవి చూస్తే చైనా నుంచి జపాన్ వెళ్లిన డంప్లింగుల్లో పురుగుమందు, జీతం మీద కడుపుమండిన ఫ్యాక్టరీ కార్మికుడు. 2013లో జపాన్‌లోనే ఫ్రోజెన్ ఆహారంలో మలాథియాన్ అనే పురుగుమందు, మళ్లీ జీతం మీద అసంతృప్తి ఉన్న కాంట్రాక్టు ఉద్యోగి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా.

కోటగోడ
అందుకే 2016 నియమం లోపలివాడు కూడా చెయ్యొచ్చని లెక్కలో పెట్టుకోమంది తమ్ముడూ. కానీ నువ్వన్నది నిజం, ఎత్తు గోడలు కట్టినా ఇది ఆగదు. జీతం సరిగ్గా ఇవ్వడం కూడా కాపలాలో భాగమే. ఇది నేను ముందు ఆలోచించలేదు.

లలిత_ఎం
నా అనుభవం కూడా రాస్తా. కొన్నేళ్ల కిందట ఒక పెద్ద సంస్థ క్యాంటీన్‌లో తిని నలభై మంది దాకా మా వార్డుకి వచ్చారు. మంచాలు చాలక ఇద్దరిద్దర్ని పడుకోబెట్టాం. సాయంత్రానికి ఆ సంస్థ మనిషి వచ్చి, పెద్ద ఇంజనీర్లు పనిచేసే చోటు, బయటికి పొక్కితే భద్రతకి ఇబ్బంది, వైరల్ జ్వరం అని రాయండి అన్నాడు. ఎవరికీ జ్వరమే లేదు. మా డాక్టరమ్మ ఏమీ మాట్లాడకుండా కేసు షీట్ మీద "అనుమానిత ఆహార విషం, మధ్యాహ్న భోజనం" అని పెద్దక్షరాలతో రాసి ఆరోగ్యాధికారికి ఫోన్ చేసింది. మర్నాడు నీళ్ల ట్యాంకు దగ్గర పైపు పగులు దొరికింది. ఆమె రాయకపోతే మూడోరోజు కూడా అదే నీళ్లు.

మూడోపూట
ఆ డాక్టరమ్మకి నా నమస్కారం చెప్పండి.

త్రాసుముల్లు
చిన్నక్షరాలు గారూ, పనికొచ్చే మాట చెబుతా. మళ్లీ అర్జీ పెట్టండి, ఈసారి ముక్కలు చేసి అడగండి. ఫ్యాక్టరీ నిర్మాణం, కాపలా, సిబ్బంది పేర్లు అక్కర్లేదని మొదటి వాక్యంలోనే రాసెయ్యండి. తర్వాత నమూనా తీసిన తేదీ, చేసిన పరీక్షల పేర్లు, ఫలితం. చివర్లో, ఏదైనా ఇవ్వలేకపోతే ఏ నిబంధన కింద, ఏ అంశానికి అన్నది విడివిడిగా రాయమనండి. మొత్తం కాగితాన్ని ఒక్క మాటతో కప్పెయ్యడానికి వీలుండదు.

కోటగోడ
నేనూ ఒకటి కలుపుతా. ఆ ఫలితాలు బయటపడితే భద్రతకి జరిగే నష్టం ఏంటో రాయమని అడగండి. నిజంగా నష్టం ఉంటే రాస్తారు. లేకపోతే రాయలేరు.

చిన్నక్షరాలు
కోటగోడ గారూ, ఈ మాట మీ నుంచి వస్తుందనుకోలేదు, థాంక్సండీ. రాత్రి కూర్చుని రాస్తాను.

లలిత_ఎం
తప్పిన నమూనాలుంటే ఆ బ్యాచ్ సరుకు వెనక్కి తెప్పించారా, ఎన్ని డబ్బాలు తిరిగొచ్చాయి అని కూడా అడగండి. అసలైనది అదే.

చిన్నక్షరాలు
రాశాను. మొత్తం ఏడు ప్రశ్నలు. లలిత గారిది మొదట పెట్టాను. పొద్దున్నే స్పీడ్ పోస్టులో పంపించాను, రసీదు ఫ్రిజ్ మీద అంటించాను.

రేవుకాపరి
రసీదు ఫొటో కూడా తీసిపెట్టుకోండి. ఆ సిరా ఆరు నెలల్లో చెరిగిపోతుంది.